ప్లేటు మీద గాట్లు

వంకర పళ్ళు సరిచేయడంలో డాక్టరమ్మకు తిరుగులేదు. ఆ మాట ఆవిడే పదిమందికీ చెబుతుంది. అలాంటావిడ కూతురికే పైపళ్ళు తలుపు వేసినట్టు కిందిపళ్ళను కప్పేస్తాయి. నోరు మూస్తే కిందిపళ్ళు అంగిట్లో గుచ్చుకుంటాయి. అందుకని ఆవిడ ఒక ప్లేటు చేయించి కూతురి అంగిట్లో అమర్చింది. కింది ముందుపళ్ళు దాని మీద ఆనితే వెనక దవడపళ్ళ మధ్య సందు వస్తుంది, అవి మెల్లగా ఎదిగి కాటు సర్దుకుంటుంది. తినేటప్పుడు కూడా తీయకూడదు, అంతే.

ఆ సాయంత్రం ఆవిడ ప్లేటు బయటికి తీసి దీపం కింద పెట్టి చూసింది. నమిలిన గాట్లు ఉన్నాయి, కానీ మరీ తీరుగా ఉన్నాయి.

"ఎవరి చెవిలో పువ్వులు పెడదామని? నెయిల్ ఫైలుతో గీశావు కదూ!"

"నమిలితే పడ్డాయి."

"ఎడమవైపు నీ పొట్టిపన్ను దీన్ని తాకనే తాకదు. దానికీ గాటు పెట్టావు. నీ నోరు నాకు తెలీదా?"

"నీకేంటి, ఊరందరికీ తెలుసు."

ఊరికి తెలియక ఏం చేస్తుంది? క్లినిక్ హాల్లో 'చికిత్సకు ముందు' అని ఆ నోటి ఫొటో మూరెడు వెడల్పున వేలాడుతోంది. పక్కన 'చికిత్స తర్వాత' అని ఖాళీ ఫ్రేము. సొంత కూతుర్ని అడిగేదేమిటని అడక్కుండానే తగిలించింది మహాతల్లి. ముఖం లేకపోయినా పెదవి మీది పుట్టుమచ్చ చాలు, క్లాసులో పిల్లకి 'షట్టర్' అని పేరు పడిపోయింది.

డాక్టరమ్మ అద్దం పెట్టి అంగిట్లోకి చూసింది. పుండు పడి నెత్తురు కారుతోంది.

"నొప్పి లేదా?"

"ఉంది."

"మరి ప్లేటు పెట్టుకోవడానికేం రోగం?"

"పెట్టుకుంటే బాగవుతుంది. బాగైతే రెండో ఫొటో తగిలిస్తావు."

డాక్టరమ్మ విసురుగా హాల్లోకి వెళ్ళి ఫొటో పీకి తెచ్చి బల్ల మీద పడేసింది. "తీసేశాను, సరా? ఇక కూర్చో."

"క్లాసువాళ్ళ నోళ్ళు కూడా మూయించి వచ్చావా? నీ చేత చేయించుకోను."

"ఎదురు క్లినిక్కువాడి దగ్గరికి పోతావా ఏం?" ఆ మనిషి పేరెత్తితేనే ఆవిడకు ఒళ్ళు మండుతుంది.

"పోతాను. పద."

ఒట్టి బెదిరింపనుకుంది డాక్టరమ్మ. మర్నాడు పిల్ల ముందు నడిచింది, ఆవిడ తల వంచుకుని వెనకాల రోడ్డు దాటింది. ఎదురు డాక్టరు ఆవిడను చూసి ముసిముసిగా నవ్వుకున్నాడు. పిల్లను మాత్రం మర్యాదగా పలకరించాడు.

"ట్రీట్‌మెంట్ కోసం నోటి ఫొటోలు తీయాలమ్మా. నీకు ఇష్టమేనా?"

పిల్ల తల్లివైపు కళ్ళార్పకుండా చూసింది.

"తీయండి డాక్టర్. ముందు మా అమ్మని బయటికి వెళ్ళమనండి."

డాక్టరమ్మ లేచి, బయట బెంచీ మీద మిగతా పేషెంట్ల తల్లుల పక్కన కూర్చుంది.