ఆరడుగుల గీత

మా ఆఫీసు మెదక్ బస్టాండ్ దగ్గర, జిరాక్స్ షాపు మీద. బోర్డు మీద ‘రఘుపతి, ఇంజనీర్’ అని ఉంటుంది. ఇళ్ల ప్లాన్లు కంప్యూటర్ మీద గీసేది మాత్రం నేను, పెర్సిస్, డిప్లొమా సివిల్. రఘుపతి సార్ సంతకం పెడతాడు. ఆయనకు మౌస్ పట్టుకోవడం కూడా సరిగా రాదు. జూమ్ చేయబోయి బొమ్మను ఎక్కడికో తోసేసి, డిలీట్ అయిందని లబలబలాడతాడు.

అలాంటి మనిషి పోయిన వేసవిలో రెండు రోజులు తలుపేసుకుని, వీడియోలు చూసి, సొంతంగా ఒక గీతను తయారు చేశాడు. ప్లాన్‌లో నిండు గీత అంటే గోడ. తెగిన గీత అంటే గోడ లేదు, దారి వదలాలి. ఇది ప్రతి మేస్త్రికీ తెలుసు. తెగిన గీతలు సాఫ్ట్‌వేర్‌లో పది రకాలు సిద్ధంగానే ఉన్నాయి. సార్‌కు అవి ఆనలేదు. ఇంత గీత, ఇంత ఖాళీ, ఆ ఖాళీలో తన పేరులోని రెండు ఇంగ్లీషు అక్షరాలు అని ఒక ఫైల్‌లో కొలతలు రాసుకున్నాడు. గీత, ఆర్.పి., గీత, ఆర్.పి. మనవడు పుట్టినంత సంబరంగా స్వీట్లు పంచాడు.

"జిల్లాల ఎవ్వనికీ లేదు గిసోంటి గీత," అన్నాడు. నిజమే, ఇంత తీరిక ఎవరికుంది?

దాన్ని మొదట వాడింది ఎల్లం ఇంటి ప్లాన్‌లో. ఎల్లం ప్లాటు వెనక సిద్దమ్మ ఇల్లు. ఆమెది ఇస్త్రీ బండి. ఎల్లం జాగా అంచున ఆరడుగుల దారి ఉంది. రోజూ ఆ దారిలోంచే బండిని తోసుకుంటూ రోడ్డెక్కుతుంది. దారి వదలాలని ఎల్లం కాగితాల్లోనే రాసి ఉంది. ఆదివారం చర్చికి నేను కట్టుకునే తెల్ల చీర ఇస్త్రీ అయ్యేది కూడా ఆ బండి మీదే.

దారి పొడవునా సార్ గీత, సార్ పేరు దివ్యంగా వచ్చాయి. రోడ్డు దగ్గర, దారి మొదట్లో అడ్డంగా ఉన్న ఆరడుగుల గీత మాత్రం నిండుగా వచ్చింది. సార్ తన పేరు పెద్దగా కనబడాలని ఒక్కో ముక్కకు పది అడుగులు పెట్టాడు. గీత అంతకంటే పొట్టిదైతే, తెంపడానికి చోటు చాలక కంప్యూటర్ దాన్ని నిండుగానే గీస్తుంది.

"సార్, గిది గోడ లెక్క కనబడుతుంది. ముక్కల సైజు జర తగ్గిద్దాం," అన్నాను.

"తగ్గిస్తే నా పేరు కనబడ్తదా?"

"గీ ఒక్క గీతకే సార్."

"ఒక్కకాడ చిన్నగ, ఒక్కకాడ పెద్దగనా? పేరంటే ఒక్క తీరుగ ఉండాలె. నాకే నేర్పుతున్నవా?"

నాకు ఒళ్లు మండింది. ఆయన చూడకుండా ఆ గీత మార్చడానికి నాకు పది సెకన్లు చాలు. మార్చలేదు. పర్మిషన్ ఇచ్చేవాళ్లే పట్టుకుని మొహాన కొడితే ఈయన గొప్ప బయటపడుతుంది అనుకున్నాను. ఆ ఊహకే నవ్వొచ్చింది. ప్రింట్ తీసి సంతకానికి పెట్టాను.

ఎవరూ పట్టుకోలేదు. పర్మిషన్ వచ్చింది. సిద్దమ్మ మూడు రోజులు రామాయంపేటలో చుట్టాలింటికి పోయి వచ్చేసరికి, మేస్త్రి నిండు గీత చూసి దారికి అడ్డంగా ఛాతీ ఎత్తు గోడ లేపేశాడు. పక్కింటి పెరట్లోంచి మనిషి దూరొచ్చు, బండి దూరదు. బండి కదలకపోతే ఆమెకు పూట గడవదు.

ఎల్లంను అడిగితే ప్లాన్ కాగితం చూపించాడు. "నేనేం జేసిన? ఇంజనీర్ గీసిండు, ఆఫీసోళ్లు ముద్ర కొట్టిండ్రు." పదిహేనేళ్లుగా కళ్ల ముందు బండి పోతున్నా, అక్కడ దారి ఉందని ఆ మహానుభావుడికి తెలియదట.

సిద్దమ్మ కబురు పెడితే సార్, నేను పోయాం. సార్ గోడను, ప్లాన్‌ను మార్చి మార్చి చూసి, "కంప్యూటర్ మిస్టేక్," అని తేల్చేశాడు. ప్లాన్ తప్పని ఎవరైనా రాసిస్తే తప్ప గోడ కూలదు. ఆయన రాసివ్వడు. అట్లా రాస్తే పేరు పోతుందట.

సిద్దమ్మ గోడ అవతల నా తెల్ల చీర మడత పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వు సుత జూడలేదా బిడ్డా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "చూసిన సిద్దమ్మక్కా. సార్‌కు బుద్ధి రావాలని ఊకున్న."

సార్ నోరు తెరిచాడు. ఆమె ఆయన వంక చూడనైనా లేదు.

"ఆయనకు గీసుడు రాదు, సరే. నీకొస్తది గద," అని చీర గోడ మీద పెట్టి లోపలికి పోయింది.

మర్నాడు మామూలు తెగిన గీతతో ప్లాన్ మళ్లీ ప్రింట్ తీసి పర్మిషన్ ఇచ్చే ఆఫీసుకు నేనే పట్టుకుపోయాను. తప్పు ఎట్లా జరిగిందో రాసివ్వమన్నారు. సార్ గురించి రాద్దామని పెన్ను తీశాను. ఎంత ఘాటుగా రాయగలనో నాకు తెలుసు. కానీ ‘తప్పని తెలిసీ ప్రింట్ ఇచ్చాను’ అని రాసి, కింద నా పేరు పెట్టాను. సార్ నన్ను పనిలోంచి తీసేశాడు. తప్పు తనది కాదని కాగితం మీద పడ్డందుకు మళ్లీ స్వీట్లు పంచాడని విన్నాను.

వారంలో గోడ కూలింది, బండి రోడ్డెక్కింది. ఆ శనివారం చీర తీసుకుని పోయాను. సిద్దమ్మ ఇస్త్రీ పెట్టె ఆపకుండానే, "ఇంకోకాడ చేయించుకో బిడ్డా," అంది.