కబురు ఒక్కటే

బోరు మోటారు దగ్గర ఒక పెట్టె, చేనులో వాల్వు దగ్గర ఒక పెట్టె. రెండూ తీగ లేకుండానే మాట్లాడుకుంటాయి. ఏది ముందు పలకాలో, ఏది ఎప్పుడు బదులివ్వాలో నందిని పనిచేసే కంపెనీవాళ్లు ఇంగ్లీషులో రాసిపెట్టుకున్నారు. పెట్టెలు బిగించేవాళ్ల కోసం దాన్ని తెలుగులో రాసింది మాత్రం నందిని చెల్లెలు అర్చన. ఇంటర్ చదివే ఆ పిల్లకు బడి రోజుల్లో వ్యాసాలకెప్పుడూ మొదటి బహుమతే.

ఆ మధ్యాహ్నం, పెట్టెలు బిగించే లక్ష్మక్క బెళుగుప్ప దగ్గరి చేను నుంచి నేరుగా వాళ్లింటికి వచ్చి, పనిముట్ల సంచి గడప పక్కన దించింది.

"నందినీ, ఈ పని నాకొద్దుమ్మా. ఇంకెవురికన్నా ఇయ్యి."

"ఏమైందక్కా?"

"ఏడు గంటలకు కూచున్యా. కబురొచ్చినాది, పచ్చలైటు వెలిగినాది. సందేశం అందినాక మీట నొక్కమని రాసినారు. పన్నెండైనా ఆ సందేశం రాలే. చేను గల్ల ఆయప్ప 'ఏమక్కా, గుడ్లు పొదుగుతాండావా?' అని ఒకటే ఎగతాళి. ఏడో తరగతి చదివినదాన్ని, నాకేం తెలుస్తాది? కూలికి పోయేదే మేలు."

నందిని, పెట్టె చెడిపోయిందేమోనని ఫోను తీసింది. తలుపు చాటున ఉన్న అర్చనకు సంగతి అర్థమైంది. ఆ సందేశం వేరే ఏదో కాదు, ముందే వచ్చిన కబురే. ఒకే మాట పదేపదే వాడితే రచన చప్పబడుతుందని తెలుగు సారు చెప్పేవారు. అందుకే ఒకచోట కబురు, ఇంకోచోట సందేశం, మరోచోట వర్తమానం అని మార్చి మార్చి రాసింది. ఊరుకుంటే తప్పు పెట్టె మీదికి పోతుంది. లక్ష్మక్క పని మానేస్తుంది.

"లక్ష్మక్కా..." అర్చన తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. "తప్పు నాది. కబురన్నా సందేశమన్నా ఒకటే. బాగుంటాదని అట్ల రాసినా. నువ్వు రాసింది రాసినట్టే చేసినావు."

లక్ష్మక్క ఆ పిల్ల వైపు తిరిగింది.

"ఒగ మొగునికి మూడు పేర్లు పెడితే ముగ్గురనుకోరా? అయిదు గంటలు ఎండలో ఎండబెడితివి గదే పాపా!"

తిడుతుందనుకున్న అర్చనకు, ఆమె పకపకా నవ్వేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడుస్తావేమే? రా, ఈడ కూచో. యాడెట్ల రాసినావో చూస్తాం."

ఇద్దరూ బండల మీద కూర్చుని కాగితాలు పరిచారు. ఏ మాట ఉంచాలని నందిని అడిగితే, "కబురే ఉండనీ. ఎవురో పిలిచినట్టుంటాది" అంది లక్ష్మక్క. అర్చన సందేశాన్ని కొట్టేసింది. వర్తమానం దగ్గర కలం ఒక క్షణం ఆగింది. ఆ మాటంటే ఆమెకు ఇష్టం. దాన్నీ కొట్టేసింది.

లక్ష్మక్క వేలు పెట్టి మొదటి నుంచి చదివింది. చివరి పేజీలో వేలు నిలిచిపోయింది.

"పాపా, నేను నొక్కకముందే లైటు ఆరిపోతే? మళ్లా కబురొచ్చేదాకా ఉండల్లనా? అది రాయలేదే."

నందిని ఇంగ్లీషు కాగితం తెచ్చి వెతికింది. అందులో కూడా అది లేదు.

"ఆఫీసులో అడుగుతా" అని నందిని ఫోను పట్టుకుని బయటికి నడిచింది. అర్చన కొత్త కాగితం తీసుకుని లక్ష్మక్కకు దగ్గరగా జరిగింది.

"ఇంకా ఏమేమి లేదో చెప్పక్కా. రాస్తా."