తోడికోడలు ఇచ్చింది

మిరప కోతల్లో కాలికి తగిలిన గాయం చీము పట్టింది. రెండు నెలలు యాంటీబయాటిక్స్ వాడాక గాయం మానింది కానీ సుబ్బరావమ్మకు విరేచనాలు పట్టుకున్నాయి. ఎన్ని మందులు వేసినా ఆగలేదు. మనిషి సగమైపోయింది.

"ఆ యాంటీబయాటిక్స్‌కి పేగుల్లో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోయిందమ్మా. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలం నుంచి తీసి మీకు ఎక్కించాలి," అన్నాడు గుంటూరు డాక్టరు.

"నాది తీసుకోండి," అన్నాడు భర్త అంకమ్మరావు.

డాక్టరు అతని బొజ్జ, షుగరు రిపోర్టు చూసి తల అడ్డంగా ఊపాడు. "మీ పొట్టకొవ్వుకీ షుగరుకీ మీ పేగుల్లోని బ్యాక్టీరియా కూడా కొంత కారణం కావచ్చండి. దాన్ని ఆవిడకు ఎక్కించలేం."

సంగతి తెలిసి తోడికోడలు ఆదెమ్మ ఆస్పత్రికి వచ్చి, తనది తీసుకోమంది. చేను పంపకాల్లో గొడవపడ్డాక ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. పరీక్షలన్నీ చేసి, ఈమెది పనికొస్తుందన్నాడు డాక్టరు.

సుబ్బరావమ్మ సిగ్గుతో మొహం గోడవైపు తిప్పుకుంది. "నీ చేత ఇట్టాంటి పని చేయించుకోవాల్సి వచ్చిందే."

"ఊరుకో అక్కా. బతికుంటేనేగా మళ్ళా పోట్లాడుకునేది," అంది ఆదెమ్మ.

ఎక్కించాక వారం తిరిగేసరికి విరేచనాలు ఆగాయి. పదో రోజున సుబ్బరావమ్మ నాలుగు ముద్దలు మజ్జిగన్నం తిని, ఆదెమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.