నూతికాడ ఒదిన

పొద్దున్నే లేచి దోమతెర మడిచిపెట్టి, మార్గరెట్ నూతి దగ్గరికి వెళ్లేది, వాళ్లమ్మతో మాట్లాడడానికి. జీతం లేకుండా రెండేళ్లు పాఠాలు చెబుతానని ఒప్పుకుని, పంతొమ్మిది వందల అరవై ఆరులో కెనడా నుంచి పొందూరు ఆడపిల్లల బడికి వచ్చిన పిల్ల ఆమె. ఆ పేరు ఊళ్లో ఎవరికీ నోరు తిరగక మరిడమ్మ అన్నారు. అది అమ్మవారి పేరని తెలిశాక ఆమె కూడా ఆ పిలుపుకే పలికేది.

గున్నమ్మ ఇంట్లో వీధిగది ఆమెకిచ్చారు. గున్నమ్మ మొగుడు పోయిన మనిషి. ఖద్దరుకి నూలు వడికి బతుకుతుంది. వచ్చిన మర్నాడు స్నానానికని మార్గరెట్ నూతిలోకి చేద వదిలితే, అడుగునుంచి కెనడాలో ఉన్న వాళ్లమ్మ హెలెన్ గొంతు వినిపించింది, ఇంగ్లీషులో. "మాగీ, నువ్వేనా? ఇక్కడ గిన్నెలు కడిగే తొట్టిలోంచి వినిపిస్తున్నావు."

మార్గరెట్ చేతిలోంచి తాడు జారిపోయింది. గున్నమ్మ వచ్చి తొంగిచూసింది. "మీ యమ్మేటి? మాటాడు మరి. సేద మాత్రం పైకి తీసెయ్, తాడు నానిపోతాది" అని తన రాట్నం దగ్గరికి వెళ్లిపోయింది.

పొందూరు నూతులు లోతని అందరికీ తెలుసు గనక ఊళ్లో ఎవరూ దాని గురించి తర్కించలేదు. విదేశీ స్టాంపులమీద ఆశ పెట్టుకున్న పోస్టుమేన్ ఒక్కడే కాస్త నొచ్చుకున్నాడు.

రోజులు హాయిగానే నడిచాయి. పొద్దున్న రాగులతో కాచిన సోడి అంబలి తాగి, జారిపోయే చీరకి పిన్నులు గుచ్చుకుని, మార్గరెట్ సైకిలు మీద బడికి వెళ్లేది. ఆమె పిల్లలకి ఇంగ్లీషు చెబితే, పిల్లలు ఆమెకి 'ళ' పలకడం నేర్పేవారు. పిల్లలే ముందు నేర్చుకున్నారు. సాయంత్రం గున్నమ్మ పక్కన కూచుని, దువ్వెనలా పళ్లుండే వాలుగ చేప దవడతో దూది ఏకబోయి వేళ్లు గీసుకునేది. "నీకు సదువే మంచిది పిల్లా" అనేది గున్నమ్మ.

మార్గరెట్ బడికి వెళ్లాక నూతి దగ్గర మాట ఆగేది కాదు. ఇక్కడ పొద్దెక్కితే అక్కడ నడిరాత్రి. నిద్రపట్టని హెలెన్ తొట్టి దగ్గరికి వచ్చేది. ఇటు గున్నమ్మ నూతి పళ్లెం గచ్చు మీద గిన్నెలు తోముకుంటూ కబుర్లు చెప్పేది. ఒకరి భాష ఒకరికి తెలియకపోయినా ఇద్దరూ ఆపలేదు.

"మా అమ్మతో ఏం మాట్లాడతావు గున్నమ్మా?" అని మార్గరెట్ అడిగితే, "ఆడోళ్లకి మాటలకేటి కరువు" అనేది.

రెండేళ్లూ తిరిగొచ్చాయి. ఇంకొన్నాళ్లు ఉండమని హెడ్మిస్ట్రెస్ జ్ఞానసుందరిగారు అడిగారు. మార్గరెట్‌కీ ఉండాలనే ఉంది. పెద్ద తరగతి పిల్లలు పరీక్షకి కూచోబోతున్నారు. కానీ నాన్న పోయాక అమ్మ ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. బాగానే ఉన్నానని రోజూ చెబుతుంది. ఆ మాట ఈమధ్య మరీ తొందరగా చెబుతోంది.

"అమ్మ ఒంటరిదండీ. వెళ్లాలి" అంది మార్గరెట్. ఆ సాయంత్రం పెట్టె సర్దుకుంది. గున్నమ్మ గుమ్మంలోంచి చూసి మళ్లీ రాట్నం దగ్గరికి వెళ్లిపోయింది. ఉండమని ఒక్కసారైనా అడగకపోవడం మార్గరెట్‌కి కష్టంగా తోచింది.

మర్నాడు పొద్దున్న నూతిమీదకి వంగి, "అమ్మా, నేను వచ్చేస్తున్నాను" అంది ఇంగ్లీషులో.

లోపల తొట్టిలో గిన్నెల చప్పుడు ఆగింది. తర్వాత హెలెన్ గొంతు తెలుగులో పలికింది. "నువ్వేటి రావడం? ఆ పిల్లల్నొగ్గీసి ఎలాగొస్తావు? నానే వస్తన్నాను."

మార్గరెట్ వెనక్కి తిరిగి చూసింది. గున్నమ్మ దూదిలోంచి తల ఎత్తలేదు.

"అమ్మా, ఈ మాటలు నీకెలా వచ్చాయి?"

"రెండేళ్లు ఇంటే రావేటి? కూడు దగ్గర కూకుంటే ముద్ద దిగట్లేదని గున్నమ్మ ఒదినకి సెప్పుకున్నాను. ఇంటికి తాళమేసి రమ్మంది. మాటిచ్చేసినాను."

మార్గరెట్ నూతి గట్టుమీద కూలబడి ఏడ్చింది. నవ్వు కూడా వచ్చింది. గున్నమ్మ లేచి వచ్చి కొంగుతో ఆమె మొహం తుడిచింది. "రెండో గదికి సున్నం ఏయించాలి. ఏడుపు తరవాత, ముందు బడికెల్లు."

హెలెన్ ఎండలు ముదరకముందే వచ్చింది. పొందూరు స్టేషన్లో ప్యాసింజరు దిగి, చలికోటు చంకలో పెట్టుకుని దిక్కులు చూస్తుంటే, గున్నమ్మ ఎదురెళ్లి ఆమెను ఎగాదిగా చూసింది. అదివరకు ఒకరి మొహం ఒకరు ఎరగరు.

"ఇలా సిక్కిపోయేవేటి ఒదినా?" అంది గున్నమ్మ.

"నువ్వు మాత్రం నీ గొంతులాగే ఉన్నావు" అంది హెలెన్.

ఎడ్లబండిలో ఇంటిదాకా ఇద్దరూ ఒకటే మాటలు. మార్గరెట్ వెనక పెట్టె మీద కూచుని, తన వంతు రాక ఊరుకుంది. ఆరోజు నుంచి నూతిలోంచి నీళ్లు తప్ప ఏమీ రాలేదు. ఆ సంగతి చాలారోజులదాకా ఎవరూ గమనించలేదు.