నీలం మూత డబ్బా

"ఆ డబ్బా దొరికేదాకా ఈ లారీ కదలదు. కదిలిందా, నా మీద నుంచే పోవాలి!"

సోక్ మన్హో అన్నంత పనీ చేశాడు. వెనక గేటు బయట ఆగి ఉన్న లారీ ముందు, రోడ్డు మీదే కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. వెనకాల ఇంకో లారీ ఆగకుండా హారన్ మోగిస్తోంది. మన్హో ఖాళీ చేసిన పదిహేడో అంతస్తు ఫ్లాట్‌లోకి దిగబోయేవాళ్లది అది. పన్నెండింటికల్లా లిఫ్ట్ వాళ్లకి అప్పగించాలి.

సామాను మోసే కూలీల మేస్త్రీ, కూ అనే అతను, వంగి బతిమాలాడు. "లేవండి సార్. టీవీ ఎక్కింది, బీరువా ఎక్కింది. పోయిందల్లా ఒక్క కిమ్చీ డబ్బా. మా ఆవిడ చేసింది రెండు డబ్బాలు రేపే పంపిస్తాను."

"మీ ఆవిడ బతికుంది కాబట్టి పంపిస్తావు."

కూ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆ డబ్బాలోది మన్హో భార్య సునోక్ ముందటేడు చలికాలం మొదట్లో ఊరబెట్టిన క్యాబేజీ. అది ఊరేలోపే, ఆ చలికాలంలోనే ఆమె పోయింది. ఆమె పెట్టిన డబ్బాలన్నీ ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. నీలం మూతదాన్ని మాత్రం మన్హో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ప్రతి ఆదివారం మూత తీసేవాడు, కళ్లు మూసుకుని వాసన పీల్చేవాడు. "మీ అమ్మ ఇంట్లోనే ఉంది" అని కూతురు దాన్బీతో అనేవాడు, మళ్లీ మూత పెట్టేసేవాడు.

అందులోది వడ్డించాల్సిన రోజు ఇవాళే. సునోక్ తల్లి పొద్దున్నే కొత్తింటికి వెళ్లిపోయింది. గడప దాటి అన్నిటికంటే ముందు అన్నం కుక్కరే లోపలికి పోతేనే ఇంటికి కలిసొస్తుందని, దాన్ని తనే ఒళ్లో పెట్టుకుని మరీ వెళ్లింది. "నా కూతురి చేతి రుచి ఇంకొక్క ముద్ద తిని పోతాను, అల్లుడూ" అని ఆవిడ ఎప్పుడో అడిగింది. కొత్తింట్లో మొదటి అన్నంతో పెడతానని మన్హో మాటిచ్చాడు.

జేబులో ఫోన్ మోగింది. ఆవిడే.

"అల్లుడూ, అన్నం ఉడికిపోయింది. ఎక్కడిదాకా వచ్చారు? ఆ డబ్బా లారీలో వెయ్యకయ్యా, కుదుపులకి రసం ఒలుకుతుంది. నీ ఒళ్లో పెట్టుకుని రా."

"అలాగే అత్తయ్యా," అని మన్హో ఫోన్ పెట్టేశాడు. లేచి నిలబడ్డాడు. ఇప్పుడతని మొహం చూస్తే కూర్చున్నప్పుడే నయమనిపించింది మేస్త్రీకి.

"వంటిల్లు సర్దింది ఎవరు?"

మల్సూక్ ముందుకొచ్చింది. ముప్పై ఏళ్లుగా జనం వంటిళ్లు సర్దుతున్న మనిషి. "నేనే బాబూ. నా చేతుల్తో గుడ్డ చుట్టి మొదటి బండి మీద పెట్టాను. పెళ్లికూతుర్ని పల్లకీలో కూర్చోబెట్టినట్టు పెట్టాను."

ఈ భవనాల మధ్య నేల మీద బండి చక్రం కనపడకూడదు. అంతా పూలమొక్కలు, నీటి కాలువ, పిల్లల ఉయ్యాలలు. కార్లన్నీ నేల కిందే తిరుగుతాయి. లారీ అక్కడికి దిగితే కప్పు తగులుతుంది. కిటికీలోంచి సామాను దించే నిచ్చెన బండికైనా చోటివ్వరు. సామానంతా లిఫ్ట్‌లో దిగి, తోపుడుబండి ఎక్కి, తోట పొడుగునా దొర్లుకుంటూ గేటు దాకా రావాల్సిందే. ఇంటికీ లారీకీ మధ్య అంత దూరముంటే ఏదైనా మాయం కావచ్చు.

"మొదటి బండి తోసింది ఎవరు?"

అందరి చూపూ బాతార్ మీదికి పోయింది. మంగోలియా నుంచి వచ్చిన కుర్రవాడు, రెండు ఫ్రిజ్‌ల బరువు ఒక్కడే లాగుతాడు.

"నేనే సార్. గేటు దగ్గర ఆపి తాడు కోసం వెనక్కి వెళ్లాను. వచ్చేసరికి డబ్బా లేదు. ముందే లారీ ఎక్కించేశారనుకున్నా."

"అనుకున్నావా? లేక అమ్ముకున్నావా? విప్పు నీ సంచీ!"

"నాన్నా, వద్దు!" గోడ పక్కన నిలబడ్డ దాన్బీ అరిచింది. మన్హో వినలేదు.

బాతార్ చెవులు ఎర్రబడ్డాయి. సంచీ రోడ్డు మీద బోర్లించాడు. చేతి తొడుగులు, నీళ్ల సీసా, చిన్న గుడ్డ మూట. మూట ముడి కూడా తనే విప్పాడు. తెల్లటి ఎండుపెరుగు ముక్కలు.

"మా అమ్మ పంపింది," అన్నాడు.

మన్హో చూపు తిప్పుకున్నాడు. కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

వెనక లారీలోంచి ఒకావిడ తల బయటపెట్టింది. "ఏమండోయ్, పచ్చడి పంచాయితీ తేలేసరికి నా పిల్లలకి పెళ్లిళ్లు అవుతాయి!"

కూ గడియారం చూసుకున్నాడు. తెగించేశాడు. "బాతార్, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. చాలా సార్? ఇక దారి ఇవ్వండి."

బాతార్ ఖాళీ సంచీ దగ్గరికి లాక్కున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని ఎండుపెరుగు ముక్కలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడే, డబ్బా వెతకడానికి తోటలోకి వెళ్లిన వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో నీలం మూత డబ్బా. ఖాళీది.

"మిగిలిపోయిన తిండి పారేసే చెత్త మిషన్ వెనకాల దొరికింది సార్. ఉన్నదంతా మిషన్‌లో కుమ్మరించి డబ్బా పక్కన పెట్టేశారు."

మన్హో డబ్బా లాక్కుని బాతార్ వైపు తిరిగాడు. "నా ఇల్లు ఆర్పేశావు కదరా!"

"ఆయన కాదు సార్," అన్నాడు వాచ్‌మన్, ఇబ్బందిగా. "ఆ మిషన్ మూత ఇక్కడ ఉండేవాళ్ల కార్డు చూపిస్తేనే తెరుచుకుంటుంది. బయటివాళ్లు తలకిందులైనా తెరవలేరు. చివరగా తెరిచిన ఇంటి నంబరు దాని తెర మీదే ఉంది. పదిహేడు వందల నాలుగు. మీదే."

మన్హో చెయ్యి తన జేబు తడుముకుంది. కార్డు ఉంది. ఆ ఇంటికి ఉన్నవి రెండే కార్డులు. అతను నెమ్మదిగా గోడ వైపు తల తిప్పాడు.

దాన్బీ పిడికిలి విప్పింది. రెండోది ఆమె అరచేతిలో ఉంది.

"నేనే పారేశాను నాన్నా."

మన్హో చెయ్యి పైకి లేచింది. మల్సూక్ చప్పున అడ్డం వచ్చింది. ఆ చెయ్యి గాల్లోనే ఆగింది.

"మీ అమ్మనే పారేశావా?"

"అందులో అమ్మ లేదు. అది నేను సంతలో కొని నింపింది. చలికాలం నుంచీ సంతదే. అమ్మమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంటే తెలిసిపోతుంది. నీ ముందే తెలిసిపోతుంది. అందుకే..."

మన్హోకి తన ఆదివారాలు గుర్తొచ్చాయి. కళ్లు మూసుకుని పీల్చిన వాసన, 'మీ అమ్మ ఇంట్లోనే ఉంది' అన్న మాట, అన్నప్పుడల్లా దాన్బీ లేచి పక్కగదిలోకి పోవడం.

"మరి మీ అమ్మ చేసింది?"

"అయిపోయింది."

"ఎవరు తిన్నారు? మీ మావయ్యా?"

"వద్దు నాన్నా. పారేసింది నేను, నన్ను తిట్టు. బాతార్ అన్నయ్య తియ్యలేదు. అంతే."

"అంతే కాదు. ఇతన్ని నలుగురిలో దొంగన్నాను. అసలు దొంగ ఎవరో కూడా నలుగురిలోనే తేలాలి. చెప్పు."

దాన్బీ కార్డుని రెండు చేతుల్తో పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"అమ్మ సంవత్సరీకం నాడు. చుట్టాలంతా వెళ్లిపోయాక. అమ్మ ఫోటో ముందు నైవేద్యంగా పెట్టిన సారా సీసా మొత్తం తాగేసి, ఫ్రిజ్ ముందు నేల మీద కూర్చుని, చేత్తోనే తిన్నాడు. ఏడుస్తూ తిన్నాడు. 'సునోకూ, ఈసారి ఉప్పు తగ్గించావే' అని మాట్లాడుతూ తిన్నాడు. చివరికి రసం కూడా తాగేసి డబ్బాని కావలించుకుని నిద్రపోయాడు. పొద్దున లేచి, 'డబ్బా బయటెందుకు పెట్టావు, లోపల పెట్టు, అమ్మమ్మకి దాచాలి' అన్నాడు. ఒక్కటీ గుర్తులేదు. నేనెలా చెప్పేది?"

హారన్ ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు. మల్సూక్ అటు తిరిగి మెడలోని తువ్వాలుతో మొహం తుడుచుకుంది.

మన్హో ఖాళీ డబ్బాని గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. జేబులో ఫోన్ మళ్లీ మోగుతోంది. అక్కడ అన్నం చల్లారిపోతోంది. ఎదురుగా బాతార్ సంచీ భుజాన వేసుకుని వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాడు.

"పేరు," అన్నాడు మన్హో. "పేరు చెప్పు తల్లీ. ఆ అబ్బాయి వినాలి."

పుట్టినప్పటి నుంచీ ఆ పేరుని దాన్బీ నోటితో పలికింది లేదు. బాతార్ వైపు తిరిగింది.

"సోక్ మన్హో," అంది.