రెండో చరణానికి ముందు ఊపిరి

చచ్చినవాడికి ఎలాగూ రుచి తెలియదు, బతికున్న పెళ్ళానికైనా తెలియాలి కదా, ఈ కేకు గొంతు దిగడం లేదు, పైన వెన్న పలుకుల పేరుతో ఇసుక, కింద అట్టముక్క, పూడ్చి వచ్చినవాళ్ళకి కాఫీతో ఈ పలుకుల కేకే పెట్టాలని మా రైన్ ఒడ్డున ఎవరు మొదలుపెట్టారో గానీ, మా అమ్మ పోయినప్పుడూ ఇదే పెట్టాం, అయితే అది మా పిన్ని చేతి కేకు, ముట్టుకుంటే వేలికి వెన్న అంటేది, ఫోల్క్‌మార్ ముఖం వేలాడేసుకుని ఇంకో ముక్క అడిగి మరీ వేయించుకున్నాడు, ఇవాళ వాడి పేరు మీద పెట్టిన ముక్కతో నేను కుస్తీ పడుతున్నాను, పొద్దున అందరితో పాటు వాడి పెట్టె మీద గుప్పెడు మన్ను కూడా వేశాను, ఎంత గట్టిగా మోగుతుందో చూద్దామని కాస్త పైనుంచి వదిలాను, బాగానే మోగింది.

శ్మశానానికి ఎదురుగా ఉన్న ఈ హోటల్ హాల్లో సగంమంది వాడిని బతికుండగా చూసి ఎరగరు, వాడి పాట విన్నారు, అంతే, నల్లబట్టలు కూడా చావుకని వేసుకున్నవి కావు, వీళ్ళు ఎప్పుడూ వేసుకునేవే, కుర్రతనంలో మరమనుషుల్లా నిలబడి డాన్స్ అనుకునేవాళ్ళు, ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి నిజంగానే మరమనుషుల్లా నడుస్తున్నారు, నా పక్కన కూర్చున్న ఎకార్ట్ అనే ఈ లావుపాటాయన కొలోన్ నుంచి వచ్చాడట, వచ్చీ రాగానే వాళ్ళ ఊరి పల్చటి బీరు అడిగాడు, డ్యూసల్‌డార్ఫ్‌లో, బీరు దగ్గర ఆ ఊరికీ మాకూ ఎప్పటినుంచో పడదు, అదీ చావింట్లో, ఆ మాట అనడానికి ధైర్యం కావాలి, వడ్డించేవాడు ముఖంలో నవ్వు లేకుండా ఇక్కడ పెద్దవాళ్ళు తాగేదే ఉంటుంది సార్ అని మా నల్ల బీరు తెచ్చి ఎదురుగా పెట్టాడు, నేను ఆ ఒక్కదానికే నవ్వాను, దాంతో ఎకార్ట్ నన్ను స్నేహితురాలనుకుని నా వైపు తిరిగి, మీకు పాట గురించి ఏమైనా తెలుసాండీ అని మొదలుపెట్టాడు, ఏదో కొంచెం అన్నాను.

మూలన స్పీకర్లో ఫిన్లండ్ వాళ్ళు అరుస్తున్నారు, తలుపులు మూసుకుంటున్నాయి, దూరంగా నిలబడండి, గిటార్లతో గుండెలు బాదుకుంటూ అదే ఫోల్క్‌మార్ పాట, దేశదేశాల వాళ్ళు పాడినవన్నీ వరసగా వేయించింది స్వెన్యా, వాడి పెళ్ళాం, ఆవిడది కూడా ఉంటుంది మధ్యలో, పియానో పెట్టి కళ్ళు మూసుకుని పాడినది, ఆ పాట పాడి వాడిని కట్టుకుంది, ఇంకేముంది, ఎకార్ట్ నాకు పాఠం చెబుతున్నాడు, మొదట బూడిదరంగు అట్టతో వచ్చిన చిన్న రికార్డు, తర్వాత డాన్స్ హాళ్ళకని సాగదీసి వేసిన పెద్ద రికార్డు, తర్వాత ఇంగ్లండ్‌కి పంపడానికి ఇంగ్లీషులో పాడినది, అందులో ఉచ్చారణ చూడండి, యంత్రం కూడా మన యాసలోనే పలుకుతుంది, ఎంత ముద్దుగా ఉంటుందో అని చేతులు తిప్పుతున్నాడు, ముద్దుగా ఎందుకుంటుంది నాయనా, ఆ నోటికి ఇంగ్లీషు రాదు, ఆ నోరు ఇప్పుడు నీ పక్కన కూర్చుని కేకు నములుతోంది అనుకుని కాఫీ తాగాను.

అట్ట వెనక అచ్చువేసిన ముక్క అది, స్వరం: యంత్రం, తాళం మోగించే మీటల పెట్టె ఒకటి ఉండేది, గొంతు కూడా దానిదేనని, అప్పుడు ముగ్గురం కలిసి పడీ పడీ నవ్వాం, ఫోల్క్‌మార్, మీటలు తిప్పే హార్ట్‌మూట్, నేను, మనిషి పాడిందంటే ఎవడు కొంటాడు రోజీ, మనిషి గొంతులు వీధికొకటి ఉన్నాయి అన్నాడు వాడు, నాకూ నిజమే అనిపించింది, ప్రేమలో ఉన్నప్పుడు అన్నీ నిజమే అనిపిస్తాయి, నన్ను వాడు కనిపెట్టింది కూడా బట్టల దుకాణం లిఫ్టులో, పై అంతస్తు, దుప్పట్లు, తలగడలు, తలుపులు మూసుకుంటున్నాయి అని రోజంతా మైకులో చెప్పే ఉద్యోగం నాది, దిగకుండా పైకీ కిందికీ తిరుగుతూ విన్నాడట, సాయంత్రం వచ్చి మీ గొంతులో ఎవరూ లేరండీ, అద్భుతం అన్నాడు, దాన్ని పొగడ్త అనుకుని వాడితో వెళ్ళిపోయాను, పాట హిట్టయ్యాక నవ్వు ఆగిపోయింది, నేనే పాడానని ఒక రేడియో ఆయనకి చెబితే, ఇలాంటి ఆడవాళ్ళు ఊరికొకరు వస్తారమ్మా అన్నాడు, ఆయన ఫోల్క్‌మార్‌ని అడిగితే ఆమె మాకు కాఫీ పెట్టి ఇచ్చేదండీ, మంచి పిల్ల అన్నాడు, నిజమే, కాఫీ కూడా పెట్టాను, హార్ట్‌మూట్ ఒక్కడికి సిగ్గు ఉండేది, వాడు కాలేయం చెడి ఎప్పుడో పోయాడు.

ఇదిగో వచ్చింది, ఫిన్లండ్ వాడు కూడా తీసుకున్నాడు, రెండో చరణానికి ముందు ఆ ఊపిరి, హా అని ఒక్కసారి లోపలికి, ఎవరో వెనక నుంచి పొడిచినట్టు, తర్వాత మెక్సికో వాళ్ళు, బూరాలు ఆపి మరీ తీసుకున్నారు, చర్చి పిల్లలైతే అందరూ కలిసి భుజాలు ఎగరేసి ముద్దుగా, పెరుగు ప్రకటనలో ఆ పిల్ల చెంచా నోట్లో పెట్టుకుని తీసుకుంటుంది, దేశమంతా అది చూసి పెరుగు కొన్నది, యంత్రానికి ఊపిరి పెట్టడం, అదండీ ఫోల్క్‌మార్ మేధస్సు, దేవుడు మట్టికి పెట్టినట్టు అంటున్నాడు ఎకార్ట్, కళ్ళు చెమర్చాయి కూడా, ఓరి నా బంగారు తండ్రీ, ఆ ఊపిరి పుట్టింది మూతబడ్డ కసాయి కొట్టులోని మాంసం గదిలో, తెల్ల పలకల గోడలకి గొంతు బాగా మోగుతుందని అందులో రికార్డింగు పెట్టాడు, పైన ఇనప కొక్కేలు అలాగే ఉండేవి, నా కోటు ఒకదానికి తగిలించాను, మొదటి చరణం పాడాను, అద్దం అవతల వాడు తల అడ్డంగా ఊపుతున్నాడు, వెచ్చగా ఉంది రోజీ, ఇంకా వెచ్చగా ఉంది, నువ్వు నాకు గుడ్ నైట్ చెబుతున్నట్టుంది అన్నాడు, టేపు ఆపలేదు, సంగీతం నడుస్తోంది, రెండో చరణం రాబోతోంది, అప్పుడు హెడ్‌ఫోన్స్‌లోంచి నా చెవుల్లోకి, మెల్లగా, రైలు వేళ చెప్పినట్టు చెప్పాడు, పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది రోజీ, మీ అమ్మ పోయింది.

హా.

ఆ ఊపిరి అదే, దాని వెంటనే తాళం వచ్చింది, నోరు తెరుచుకుంది, పైకి వెళ్తున్నాం, ఎవరూ దిగడం లేదు అని పాడేశాను, లిఫ్టులో ఏళ్ళ తరబడి అలవాటైన నోరు, మనసు చచ్చినా అంతస్తు పేరు చెబుతుంది, పాట అయ్యేసరికి అద్దం అవతల హార్ట్‌మూట్ ముఖం కప్పుకుని ఏడుస్తున్నాడు, ఫోల్క్‌మార్ బొటనవేలు పైకెత్తి చూపిస్తున్నాడు, పొద్దున ఫోన్ వచ్చినప్పుడు నేను రొట్టెలు తేవడానికి బేకరీకి వెళ్ళానట, తెచ్చాను, ఇద్దరం కూర్చుని తిన్నాం, మీ అమ్మకి ఎలా ఉందో అని కూడా అడిగాడు, తింటూ.

అయినా ఇక్కడికి వచ్చాను, ఏడవడానికి కాదు, పరామర్శకీ కాదు, నా పేరు వినడానికి, రోజీ అని కాదు, రోస్విత అని పూర్తి పేరు, చలికాలంలో వాడు ఫోన్ చేశాడు, చావబోయేవాళ్ళని ఉంచే చోటు నుంచి, గొంతు పిల్లిపిల్లలా అయిపోయింది, రోజీ, పాట మళ్ళీ కొత్తగా తెస్తున్నారు, అందులో చెప్పేస్తాను, స్వెన్యాకి కూడా చెప్పాను, ఆ యంత్రం నువ్వేనని అన్నాడు, అయితే చచ్చేలోగా చెప్పు, తర్వాత నీకు ఓపిక ఉండదు అన్నాను, నవ్వాడు, దగ్గాడు, పెట్టేశాడు, అదే ఆఖరు, అందుకే ఈ ఇసుక కేకు, అందుకే ఈ ఎకార్ట్, స్వెన్యా లేచి చెంచాతో గ్లాసు మీద కొట్టింది, నా గుండె ముసలిదై ఉండి కూడా సిగ్గు లేకుండా కొట్టుకుంది, ఫోర్కు కింద పెట్టి జుట్టు సవరించుకున్నాను, జుట్టు, పేరు పిలిస్తే లేవాలి కదా అని.

ఆవిడ చక్కగా మాట్లాడింది, ఏడుపు ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి, కొత్త రిలీజు శరదృతువులో వస్తుందన్నది, ఆయన ఆఖరి రోజుల్లో నాకో రహస్యం చెప్పారు అన్నది, ఆ గొంతు ఎవరిదని ఇన్నేళ్ళూ అందరూ అడిగారు కదా, మందు మత్తులో కూడా ఆయన ఒకటే మాట, యంత్రం రోస్వితే, యంత్రం రోస్వితే అని, ఆయన దానికి పేరు పెట్టుకున్నారండీ, ఎవరికీ తెలియకుండా, ఒక మనిషికి పెట్టుకున్నట్టు, అందుకే ఆ యంత్రాన్ని మన ఊరి మ్యూజియానికి ఇస్తున్నాం, కింద పలక మీద రోస్విత అని చెక్కిస్తున్నాం, అని నా వైపు తిరిగి, ఇక్కడ ఆయన పాత స్నేహితురాలు ఒకావిడ ఉన్నారు, ఆవిడ పేరు కూడా అదే, తమాషాగా ఉంది కదూ అన్నది, అందరూ నవ్వారు, మెత్తగా, చావుకి తగినట్టు, ఆవిడ మాత్రం నవ్వలేదు, రెప్ప కూడా వేయలేదు, దీనికి తెలుసు, తెలిసే చేసింది, మొగుడి పక్కన ఇంకో ఆడదాని పేరు చెక్కించాల్సి వస్తే మీటల పెట్టెకి చెక్కించింది, శభాష్, నేనైనా అదే చేసేదాన్ని.

లేచాను, ఎప్పుడు లేచానో తెలియదు, ఒక మాట చెప్పాలి అంటే వినరని తెలుసు, అందుకే పాడాను, తలుపులు మూసుకుంటున్నాయి, దూరంగా నిలబడండి, గొంతు బొంగురు పోయింది గానీ లోపల ఎవరూ లేరు, వాడికి నచ్చినట్టే ఎవరూ లేరు, హాలంతా కప్పులు కింద పెట్టేసింది, మొదటి చరణం అయింది, ఇక్కడ టేపు నడుస్తూ ఉంటుంది, ఇక్కడ వాడు చెబుతాడు, మీ అమ్మ పోయింది, హా, అది నటించాల్సిన పని లేదు, ఇన్నేళ్ళకీ దానంతటదే వచ్చింది, రెండో చరణం పాడి కూర్చున్నాను, చప్పట్లు కొట్టారు, బాగానే కొట్టారు, స్వెన్యా అందరికన్నా ముందు కొట్టింది, ఎకార్ట్ నా మోచేతి మీద చెయ్యి వేసి ఆప్యాయంగా, నొచ్చుకోకండి, చాలా దగ్గరగా పాడారు, ఈ వయసులో గొప్పే, కానీ ఆ ఊపిరి కాస్త తొందరగా తీసుకున్నారు, అసలుది ఇంకొంచెం ఆగి వస్తుంది, ఇంటికెళ్ళి ఓసారి జాగ్రత్తగా వినండి అన్నాడు.

మంచి మనిషే, నిజంగా సాయం చేద్దామనే చెప్పాడు, తల ఊపాను, వింటానండీ అన్నాను, మూలన స్పీకర్లో స్వెన్యా పియానో పాట మొదలైంది, తలెత్తి హాలంతా చూశాను, ఒక్క ముఖం కోసం, హా అనగానే తల దించుకునే ఒక్క ముఖం కోసం, బొటనవేలు పైకెత్తినా సరే, దరిద్రుడు, అద్దం అవతల నుంచి, అదే రోజీ, అదే అనే ఒక్కడి కోసం, నేను ద్వేషించని రోజు లేదు వాడిని, అయినా ఆ ఊపిరి నాదని, అది మా అమ్మదని తెలిసిన సాక్షి భూమ్మీద వాడొక్కడే మిగిలాడు, ఇప్పుడు నేను చచ్చిపోయినా ఆ గొంతు నాదని చెప్పేవాళ్ళు లేరు, ఉన్న ఒక్కణ్ణీ పొద్దున కాస్త పైనుంచి మన్ను వేసి పూడ్చేసి వచ్చాను.