బొజ్జన్న పేరు మీద నేను రాసిన అర్జీ

బొజ్జన్న ఆ సీడీని చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చాడు. హైదరాబాదులో అంధుల స్కూల్లో కలిసి చదివిన స్నేహితుడు పంపాడట.

"దీన్ని ఎక్కిస్తే తెర మీద ఉన్నదంతా కంప్యూటరే చదివి ఇనిపిస్తదట వనజా. ఇగ నీకు నా తిప్పలు తప్పినట్టే," అన్నాడు.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

భద్రాచలంలో మా ఆఫీసులో నేను కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్‌ని. రికార్డుల్లో బొజ్జయ్య అని ఉండే బొజ్జన్న వికలాంగుల కోటాలో వచ్చిన పర్మనెంటు ఉద్యోగి. చర్ల అవతల అడవిలో కోయ ఊరు ఆయనది. పుట్టుకతోనే చూపు లేదు. చేరి ఏడాదిన్నరైనా ఎవరూ పని చెప్పలేదు. కుర్చీ మాత్రం ఇచ్చారు.

అప్పుడు, 2008 ఎండాకాలంలో, నా దగ్గరికొచ్చి అర్జీ రాయమన్నాడు.

"నాకు పని కావాలె. ఫోన్లు ఎత్తుత, వచ్చినోళ్ళకు జవాబు చెప్త, కంప్యూటర్ నేర్చుకుంట. ఊకె కూసోబెట్టి జీతమియ్యొద్దని రాయి. ఆఫీసరుకు తెలుగు రాదాయె. నీది డిగ్రీ గద, ఇంగ్లీషుల సక్కగ పెట్టు చెల్లె."

నేను అలా పెట్టలేదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మా నాన్నకు వేలిముద్రే. పెనుబల్లిలో మండలాఫీసు ముందు కూర్చుని అర్జీలు రాసే ఆయన, దిక్కులేనివాణ్ణి, తమరి దయ అని రాసిపెడితేనే మాకు ఇంటి స్థలం వచ్చింది. అర్జీ అంటే అలాగే ఉండాలని నా బుర్రలో నాటుకుపోయింది. పైగా ఇన్నాళ్ళూ పని లేకుండా కూర్చున్నాడని బయటపడితే ఎక్కడికో బదిలీ చేస్తారని భయపడ్డాను. అందుకని బొజ్జన్న పేరు మీద, నేను కళ్ళు లేని నిస్సహాయుణ్ణి, ఏ పనీ చేతకాదు, దయతలచి పని నుంచి మినహాయించండి అని ఇంగ్లీషులో టైపు చేశాను. చదివి వినిపించమంటే, ఆ కాగితం చూస్తూనే ఆయన చెప్పిన మాటలు వినిపించాను. సంతకం చేయాల్సిన చోట స్కేలు అడ్డం పెట్టాను. దాని అంచు వెంట నెమ్మదిగా పేరు రాశాడు.

నెల తిరక్కుండానే ఆర్డరు వచ్చింది. ఇతనికి ఏ పనీ అప్పగించరాదు.

"నేనడిగిందేంది, వీళ్ళిచ్చిందేంది?" అని బొజ్జన్న రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. వాళ్ళమ్మ జంపక్క మాత్రం ఊరి నుంచి తునికి పండ్లు తెచ్చి నా ఒళ్ళో పోసింది. నా కొడుకుకు కష్టం లేకుంట రాసినవ్ బిడ్డా, అంది. ఆ పండ్లు నేను గర్వంగానే తిన్నాను.

ఇప్పుడు 2009 ఫిబ్రవరి. సీడీ గిర్రున తిరుగుతోంది. అది అడిగిన ప్రతిదానికీ సరేనని నొక్కుతూ పోయాను. కాసేపటికి స్పీకర్లలో ముక్కుతో మాట్లాడే మగగొంతు లేచింది.

"అవ్వో, గిదేంది!" అంది టీ తెచ్చిన అటెండరు నాగక్క. "దీనికి జలుబు చేసినట్టున్నది."

"దవాఖానకు తీస్కపో అక్కా," అని బొజ్జన్న నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "మొదలు నా అర్జీ పెట్టు. ఆఫీసరుకు యాడ అర్థం కాలేదో నేనే ఇంట."

ఆయన టీ గ్లాసు అందుకునే లోపల నేను ఆ ఫైలు వెతికి డిలీట్ నొక్కాను. ఇన్నేళ్ళుగా నేనేం నొక్కినా నాకూ తెరకూ మధ్యే ఉండేది. ఆ అలవాటే నన్ను పట్టించింది. 'బొజ్జయ్య అప్లికేషన్'ను చెత్తబుట్టలో వేయమంటారా అని ఇంగ్లీషులో ఆ గొంతు గట్టిగా అడిగింది. "ఎస్ బటన్" అని ఆగింది.

గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు.

"నా పేరు పల్కింది. ఏం జేస్తున్నవ్ వనజా?"

ఆయనే చెయ్యి చాపి కీబోర్డు తడిమాడు.

"ఎస్ ఉన్నకాడ నో కూడ ఉంటది గద. ఎటు పోవాలె?"

"ట్యాబ్ నొక్కాలె అన్నా," అన్నాను.

"నో బటన్" అంది కంప్యూటర్. ఎంటర్ కొట్టాడు.

నాతో అర్జీ తెరిపించుకుని రెండుసార్లు విన్నాడు. నాగక్కకు ఇంగ్లీషు రాదు, కానీ మా మొహాలు చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"బజార్ల గుడ్డోడా అని పిల్చినోళ్ళున్నరు. పడ్డ," అన్నాడు బొజ్జన్న. "నా నోటితోనే నన్ను తిట్టిచ్చింది నువ్వొక్కదానివే."

"నీ మంచికే అనుకున్న అన్నా. బదిలీ చేస్తరని..."

"నన్నడిగినవా? పక్కనే కూసున్న గద."



నన్ను లేవమని తను కూర్చున్నాడు. స్కూల్లో ఇంగ్లీషు టైపు నేర్చుకున్నాడట. ఈ రెండేళ్ళలో ఆ సంగతి నేనెప్పుడూ అడగలేదు. నాలుగు లైన్ల కొత్త అర్జీకి అరగంట పట్టింది.

"తప్పులున్నయా?"

"రెండున్నయి."

"యాడనో చెప్పు, దిద్దకు." తనే వెనక్కి వెళ్ళి సరిచేసుకున్నాడు. ఆ తర్వాత అన్నాడు, "ఇదొక్కటే పంపితే ఆఫీసరు నమ్మడు. పూటకో మాట అంటున్నడనుకుంటడు. ముందటిది నేను చెప్పినట్టు రాయలేదని కింద నువ్వు రాస్తేనే నాకు పనిస్తరు. మార్చిల నీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేది గూడ ఆయననే, నాకు తెల్సు. రాయకుంటే రాయకు, బలవంతం లేదు."

లేచి కుర్చీ నాకు వదిలి పక్కన నిలబడ్డాడు.

కూర్చున్నాను. ఒక్కో అక్షరం నొక్కుతుంటే ఆ ముక్కు గొంతు దాన్ని పలుకుతోంది. మాట పూర్తయితే మాట మొత్తం పలుకుతోంది. పక్క సెక్షన్ వాళ్ళు ఇద్దరు తలలు తిప్పి చూశారు. వాళ్ళకు ఇంగ్లీషు వచ్చు. నా పేరు వచ్చింది. 'తప్పు' అనే మాట వచ్చింది. సౌండు తగ్గిద్దామని స్పీకరు వైపు చెయ్యి చాపాను.

బొజ్జన్న తల కొంచెం పక్కకు వంచి వింటున్నాడు.

చెయ్యి వెనక్కి తీసుకుని, తర్వాతి అక్షరం నొక్కాను.